బాణం గుర్తు ఉన్న ఫోల్డరు

కాశీబుగ్గ
18 ఆగస్టు 2024

అమ్మా అశ్వినీ,

పుణెలో రోడ్ల మీద నీళ్లు నిలిచిన ఫొటో పేపర్లో చూసి మీ అత్త రెండు రోజులుగా గొణుగుతోంది. గొడుగు పట్టుకెళ్తున్నావో లేదో రాయి. ఆమెకి ఆ ఒక్క ముక్క చాలు.

ఫోనులో నువ్వు మాట్లాడితే నీ గొంతు తెలుస్తోంది కాని మాట తెలియడం లేదు. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడేవాళ్ల మాట ఇంకా అందుతోంది. అందుకే ఈ కవరు. పైగా ఇది కంప్యూటర్ సంగతి. చెప్పింది మర్చిపోతాను, రాసింది కీబోర్డు పక్కన పెట్టుకుంటాను.

2019లో విండోస్ బదులు నువ్వు వచ్చి పెట్టి వెళ్లిన లినక్స్ ఇన్నాళ్లూ పేచీ పెట్టలేదు. ఈ నెలలో మాత్రం తెరవగానే 'డిస్కులో చోటు లేదు' అంటోంది. అప్‌డేట్లు ఆగిపోయాయి. ప్రింటు సగంలో నిలిచిపోతోంది. దానికి తోడు లోపలున్న పెద్ద డిస్కు బల్ల మీద గోటితో కొట్టినట్టు చప్పుడు చేస్తోందని అత్త అంటోంది. నాకు వినబడదు గాని, చెయ్యి ఆనిస్తే తెలుస్తోంది.

తొందర ఏమిటంటే, నవంబర్ మొదటి వారంలో విశాఖ నుంచి డాక్టర్ల బృందం వస్తోంది. మన ఉద్దానం కిడ్నీ జబ్బు మీద వాళ్లు చేసే అధ్యయనానికి నా రికార్డులు కావాలట. నా గురించి ఒక పేజీ రాసివ్వమన్నారు. రాసింది నీకూ దింపుతున్నాను, తప్పులుంటే దిద్దు.

'నా పేరు వైకుంఠరావు. ల్యాబ్ టెక్నీషియన్‌గా ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. 2012లో మా అక్క కామేశ్వరి కిడ్నీలు పాడై చనిపోయింది. చనిపోయే పదిహేను రోజుల ముందు వరకు ఆమెకి ఒక్క రక్తపరీక్ష కూడా జరగలేదు. 2013 జనవరి నుంచి ప్రతి గురువారం మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ల మనుషులకి రక్తం తీసి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె చూసి, మూడు నెలలకోసారి రాసుకుంటూ వస్తున్నాను. ఎవరు ఏ నూతి నీళ్లు తాగుతారో, ఏ తోటలో పనిచేస్తారో కూడా రాశాను. మొత్తం 431 మంది. ఇందులో 187 మంది ఇప్పుడు లేరు.'

ల్యాబులో పనిచేసే తమ్ముడు ఉండి కూడా అని రాసి, కొట్టేశాను.

తిత్లీ తుపాన్లో కప్పు ఎగిరిపోయి కాగితాలు తడిసి ముద్దయితే, ఆరబెట్టి నువ్వూ నేనూ స్కాన్ చేసి ఎక్కించాం. మిగిలిన కాగితాలు చెదలు తినేశాయి. ఇప్పుడున్నదల్లా ఆ డిస్కులోనే. అది చెడకముందే మొత్తం తీసి మళ్లీ వేయాలంటే ఎలాగో రాయి.

మీ మావయ్య

*

పుణె
27 ఆగస్టు 2024

మావయ్యా,

గొడుగు ఉంది. అత్తకి ముందు ఆ సంగతి చెప్పు.

ఆ పేజీలో దిద్దడానికేం లేదు. కొట్టేసిన వాక్యం కొట్టేసే ఉంచు. అమ్మ నీ దగ్గర కూడా కాళ్ల వాపు దాచిందని నాకు తెలుసు.

ఇక కంప్యూటర్. తప్పు నాదే. లోపల రెండు డిస్కులున్నాయి కదా. చిన్నది నూట ఇరవై జీబీ, దాంట్లో సిస్టమ్ ఉంది. పెద్దది ఐదు వందల జీబీ, రికార్డులన్నీ దాంట్లోనే. చిన్నదాన్ని నేను అప్పట్లో భాగాలు చేసేటప్పుడు సిస్టమ్‌కి, అంటే రూట్‌కి, ఇరవై జీబీయే ఇచ్చాను. చాలుతుందనుకున్నాను. ఐదేళ్ల అప్‌డేట్లు పేరుకుని నిండిపోయింది. ఈసారి ఇలా చేద్దాం. చిన్న డిస్కులో, యంత్రం మేలుకోవడానికి వాడే బూట్‌కి ఒక జీబీ, రూట్‌కి అరవై, స్వాప్‌కి ఎనిమిది, మిగిలిందంతా హోమ్‌కి. హోమ్ విడిగా ఉంటే రేపు సిస్టమ్ పాడైనా నీ సెట్టింగులు పోవు.

చప్పుడు చేసే పెద్ద డిస్కుని నమ్మొద్దు. వెయ్యి జీబీల కొత్తది ఒకటి కొను. రికార్డులు దాంట్లోకి మారుద్దాం. పాతదాన్ని పరీక్షించి, బాగుంటే రెండో కాపీకి వాడదాం. రెండో కాపీ పెడతానని నీకు మూడేళ్లుగా చెబుతున్నాను. ఈసారి పెట్టేద్దాం.

ఈలోగా పాత ఫైళ్లు అక్కర్లేనివి తీసేస్తే కొంచెం ఊపిరి ఆడుతుంది. మొదలుపెట్టే ముందు నీ సందేహాలన్నీ రాయి.

కొత్త ఉద్యోగంలో డిసెంబర్ దాకా సెలవు లేదు. పగలంతా చల్లటి గదిలో మూడు వందల సర్వర్ల మధ్య తిరుగుతాను. వాటిలో ఒక్కటి ఆగినా నిమిషంలో నాకు తెలుస్తుంది. మీరిద్దరూ ఎలా ఉన్నారో తెలియడానికి మాత్రం తొమ్మిది రోజులు పడుతోంది.

అశ్విని

*

కాశీబుగ్గ
6 సెప్టెంబర్ 2024

అశ్వినికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బాధపడ్డాను, రెండోసారి కూడా పడ్డాను. 'పాత ఫైళ్లు అక్కర్లేనివి తీసేస్తే' అన్నావు. అక్కర్లేనివి ఏవమ్మా? పోయినవాళ్ల పేజీలా? లోకనాథం పేజీ ఉంది. 2014లో ఒకటి పాయింటు ఒకటి, 2017లో మూడు, 2019లో తొమ్మిది, ఆ తర్వాత లేదు. ఆ మూడు అంకెల కోసమే ఇప్పుడు డాక్టర్లు వస్తున్నారు. బతికున్నవాళ్ల అంకెలు ఏ ఆస్పత్రిలోనైనా దొరుకుతాయి. పోయినవాళ్లవి నా దగ్గరే ఉన్నాయి. నువ్వు మా అక్క కూతురివి, ఈ మాట నీ చేతి రాతలో వస్తుందనుకోలేదు.

ఇక సందేహాలు. ఒకటి, స్వాప్ అంటే ఏమిటి, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి ఎనిమిది జీబీ స్వాప్ ఎందుకు? రెండు, ఫైల్‌సిస్టమ్, అంటే డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతి, ఏది? డాక్టర్ల ల్యాప్‌టాపుల్లో విండోస్ ఉంటుంది, వాళ్లు చదవగలిగేదే కొత్త డిస్కుకి వేస్తే పని తేలికవుతుంది కదా అని హరిబాబు అంటున్నాడు. కంప్యూటర్ షాపు హరిబాబు, నీతో కాలేజీలో చదివానని చెప్పుకుంటాడు. మూడు, కరెంటు. జీడిపప్పు ఫ్యాక్టరీలు ఒక్కసారి మొదలెట్టేసరికి మా వీధిలో బల్బులు ఎర్రగా అయిపోతున్నాయి, ఇన్వర్టర్ ఉన్నా ఒక్కోసారి యంత్రం ఆరి వెలుగుతోంది. రాస్తుండగా ఆరిపోతే ఏమవుతుంది?

కొత్త డిస్కు తెప్పించాను. పెట్టెలోనే ఉంది. నువ్వు క్రమం రాసి పంపేదాకా ముట్టను. ల్యాబులో కూడా నాకు అదే అలవాటు. గోడ మీద క్రమం అంటించి ఉంటే దాని ప్రకారమే, లేకపోతే చెయ్యి పెట్టేది లేదు.

అత్త ఆశీస్సులు చెప్పమంది.

వైకుంఠరావు

*

పుణె
15 సెప్టెంబర్ 2024

మావయ్యా,

నీ పేరు అంత విడిగా సంతకం పెట్టకు. నాకు భయమేసింది.

నేనన్న పాత ఫైళ్లు సిస్టమ్ దాచుకున్న పాత అప్‌డేట్ల చెత్త. పేజీల గురించి కాదు. మనుషుల గురించి అసలే కాదు. సగం వాక్యం రాసి పోస్టు చేశాను. అలా అనుకునేలా రాసినందుకు చెంపలు వేసుకుంటున్నాను. లోకనాథం తాత జేబులో జీడిపళ్లు తెచ్చి చొక్కా మరక చేసుకుని మా నాయనమ్మ చేత తిట్లు తినేవాడు. ఆయన పేజీ తీసేయమంటానా?

నీ సందేహాలకి. ర్యామ్ నిండినప్పుడు సిస్టమ్ తన సామాను కొంత దించుకునే చోటు స్వాప్. పెద్ద స్కాన్లు తెరిచేటప్పుడు నీ నాలుగు జీబీ చాలదు. అందుకే ఎక్కువ ఇచ్చాను. ఫైల్‌సిస్టమ్ అన్నిటికీ ఎక్స్‌ట్ ఫోర్ వేద్దాం. అది తను చేయబోయే పనిని ముందే ఒక చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు పోయి వస్తే ఆ చిట్టా చూసుకుని, సగంలో ఆగిన పనిని సరిచేసుకుంటుంది. విండోస్ చదివే రకాల్లో పెన్‌డ్రైవులకి వాడేదానికి ఆ చిట్టా ఉండదు. మీ వీధి కరెంటుకి అది వద్దు. డాక్టర్లకి కావలసింది వేరే పెన్‌డ్రైవులో ఇద్దాం. హరిబాబుకి నమస్కారాలు. అతను నాతో చదవలేదు, మా వెనక బస్సులో వచ్చేవాడు.

ఇప్పుడు క్రమం. ఈ కాగితం కీబోర్డు పక్కన పెట్టుకో.

కొత్త డిస్కు హరిబాబు చేత బిగించి, ఎక్స్‌ట్ ఫోర్‌గా ఫార్మాట్ చేయించు. తర్వాత పాత సిస్టమ్‌లోనే నీ రికార్డుల ఫోల్డర్‌ని కొత్త డిస్కులోకి కాపీ చెయ్యి. కాపీ అయ్యాక కొత్త డిస్కులో ఆ ఫోల్డర్ తెరిచి మూడు నాలుగు పేజీలు, వేరువేరు సంవత్సరాలవి, తెరిచి చూడు. అవి సరిగ్గా తెరుచుకుంటేనే తర్వాతి మెట్టు. తెరుచుకోకపోతే అక్కడే ఆగి నాకు రాయి.

అవి బాగుంటే పాత పెద్ద డిస్కుని పరీక్షించు. ఈ కాగితం అడుగున గీతల మధ్య రాసిన ఆదేశం అక్షరం మారకుండా కొట్టు. అది డిస్కు ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి, చదివి, చెడిన చోట్లు ఉన్నాయేమో చూస్తుంది. నాలుగు విడతలు. ఒకటిన్నర రోజు పట్టొచ్చు. దాంట్లో ఉన్నదంతా పోతుంది, కాబట్టి కాపీ చూసుకున్నాకే.

ఆ తర్వాత ఈ కవర్లో పెట్టిన పెన్‌డ్రైవు పెట్టి, పోయిన ఉత్తరంలో రాసిన భాగాల ప్రకారం చిన్న డిస్కు మీద కొత్త సిస్టమ్ వెయ్యి. కొత్త డిస్కుని దానికి ఎలా జతచేయాలో తర్వాతి ఉత్తరంలో రాస్తాను.

ఒక్కో మెట్టూ అయ్యాక టిక్కు పెట్టుకో. నువ్వు చేస్తావు. నా దగ్గర పనిచేసే పిల్లలకంటే నువ్వే జాగ్రత్త.

అశ్విని

*

కాశీబుగ్గ
28 సెప్టెంబర్ 2024

బంగారుతల్లీ,

ముందుగా నా మొన్నటి ఉత్తరం చింపెయ్. అత్త చదివి నాకు రెండు రోజులు మజ్జిగ పొయ్యలేదు.

పని మొదలైంది. హరిబాబు కొత్త డిస్కు బిగించి, నువ్వు చెప్పినట్టే ఫార్మాట్ చేసిచ్చాడు. 'నా కంటే మీకే బాగా తెలుసు సారూ' అని పొగిడి టీ తాగి వెళ్లాడు. ఆ తర్వాత ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తలుపు వేసుకుని ఒక్కణ్ణే చేశాను.

డెస్క్‌టాప్ మీద 'రికార్డులు' అని నువ్వు పెట్టిచ్చిన ఫోల్డర్ ఉంది కదా, రోజూ నేను తెరిచేది. దాన్ని పట్టుకుని కొత్త డిస్కులో కాపీ చేశాను. నేను గంటో రెండు గంటలో పడుతుందని కుర్చీ దగ్గర మంచినీళ్లు కూడా పెట్టుకున్నాను. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది! పదకొండేళ్ల పని ఒక్క క్షణంలో ఇటునుంచి అటు వచ్చేసింది. కొత్త డిస్కుల వేగం చూస్తే మతి పోతోంది. ఫోల్డర్ బొమ్మ మూల చిన్న బాణం గుర్తు ఉండేది, కొత్తదాంట్లోకి వచ్చాక అది కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు వచ్చిందన్నమాట.

అయినా నీ క్రమం తప్పలేదు. కొత్త డిస్కులోంచి తెరిచి, నాలుగు కాదు, ఏడు పేజీలు చూశాను. 2013, 2016, 2018, ఇలా. యువరాజుది, వాళ్ల ఆవిడది, లోకనాథానిది కూడా. అన్నీ అద్దంలా ఉన్నాయి. టిక్కు పెట్టాను.

నిన్న పొద్దున్న పాత డిస్కు పరీక్ష మొదలుపెట్టాను. ఇది రాసేసరికి మూడో విడత నడుస్తోంది. చెడిన చోట్లు సున్నా అని చూపిస్తోంది. మనం అనవసరంగా అనుమానపడ్డాం, పాపం.

మిగతా కబుర్లు పెద్దగా లేవు. చెప్పులు బిగుతైపోతున్నాయి, ఈ ఆదివారం కొత్తవి కొనాలి. అన్నం సయించడం లేదని అత్త గొడవ. ఎండలు తగ్గితే సర్దుకుంటుంది. నీ తర్వాతి ఉత్తరం కోసం చూస్తుంటాను.

మీ మావయ్య

*

పుణె
4 అక్టోబర్ 2024

మావయ్యా,

ఈ ఉత్తరం చేరేలోగా అత్త నీకు ఏం చెప్పగలిగిందో నాకు తెలియదు. నీ కవరు ఇవాళ మధ్యాహ్నం ఆఫీసులో అందింది. 'కన్ను మూసి తెరిచేలోగా' దగ్గర ఆగి, గబగబా చివరిదాకా చదివాను. మెట్ల మీదికి పరిగెత్తి అత్తకి ఫోన్ చేశాను. "అత్తా, ఆ కంప్యూటర్ ఆపేయమను, ఇప్పుడే, తీగ పీకేయమను" అన్నాను. అత్త నవ్వింది.

"ఆపీసినాడమ్మా. ఆ పరీచ్చేదో మొన్నే అయిపోనాది. కొత్తది కూడా ఏసీసినాడు. శానా బాగా వచ్చిందని ఈదిలో అందరికీ సూపిత్తన్నాడు. ఏటి, నువ్వు ఏడుత్తన్నావేటి?"

ఫోన్ పెట్టేశాను. ఉత్తరంలో రాస్తున్నాను.

డెస్క్‌టాప్ మీద ఉన్నది ఫోల్డర్ కాదు, మావయ్యా. 2019లో పెద్ద డిస్కులోకి నువ్వు ప్రతిసారీ వెతుక్కుని వెళ్లకుండా నేను ఒక లింకు పెట్టాను. అది 'రికార్డులు ఫలానా చోట ఉన్నాయి' అని చెప్పే ఒక్క లైను మాత్రమే. ఆ బాణం గుర్తుకి అర్థం అదే. నువ్వు కాపీ చేసింది ఆ లైనుని. కొత్త డిస్కులోంచి తెరిచినప్పుడు కూడా అది నిన్ను పాత డిస్కుకే తీసుకెళ్లింది. నువ్వు చూసిన ఏడు పేజీలూ పాతదాంట్లోవే. డెబ్బై తెరిచినా అలాగే తెరుచుకునేవి.

నేను పెట్టిన సంగతి నేనే మర్చిపోయాను. తెరిచి చూస్తే చాలని రాసింది నేనే. ఎంత చోటు పట్టిందో చూడమని ఒక్క ముక్క రాసి ఉంటే నలభై జీబీకి బదులు ఏమీ కనిపించేది కాదు. నువ్వు ఆగేవాడివి. పరీక్ష ఆదేశం రాసిందీ నేనే.

దయచేసి ఆ పాత డిస్కు ఊడదీసి, మందపాటి గుడ్డ చుట్టి నాకు పార్శిల్ చెయ్యి. దాన్ని ఇంకోసారి వెలిగించకు. ఇక్కడ ప్రయత్నిస్తాను. ఏమైనా మిగిలి ఉండొచ్చు.

నన్ను క్షమించమని రాయడానికి కూడా మొహం లేదు.

అశ్విని

*

కాశీబుగ్గ
12 అక్టోబర్ 2024

అశ్వినికి,

ఉత్తరం అందింది. కొత్త డిస్కులో ఆ ఫోల్డర్ మీద నొక్కితే, లింకు తెగిపోయింది, చెత్తబుట్టలో వేయమంటారా అని అడుగుతోంది. వద్దు అన్నాను. మూసి మళ్లీ నొక్కాను. మళ్లీ అదే అడుగుతోంది.

డిస్కు ఇవాళ పార్శిల్ చేశాను. అత్త పాత లంగా చుట్టింది.

నువ్వు రాసిన క్రమంలోనే చేశాను. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. టిక్కులు పెట్టిన కాగితం నా దగ్గర ఉంది.

వైకుంఠరావు

*

పుణె
1 నవంబర్ 2024

మావయ్యా,

మూడు వారాలుగా నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. అత్తకి ఫోన్ చేస్తే ఒకసారి స్విచ్ ఆఫ్, ఇంకోసారి ఎవరో తీసి "ఇంట్లో నేరు" అని పెట్టేశారు. నీకు నా మీద కోపమని అర్థమైంది. టిక్కుల కాగితం నీ దగ్గరే ఉంచు. నేను కాదనను. ఎవరు అడిగినా చూపించు.

డిస్కు ఇరవయ్యో తారీకున అందింది. ఆ రోజు నుంచి నాకు తెలిసినవన్నీ చేశాను. పేర్లు పోయినా ఫైళ్ల ముక్కలు ఏరి తెచ్చే ప్రోగ్రాములు ఉంటాయి, రెండు నడిపాను. ఒక్క ముక్క దొరకలేదు. అప్పుడు డిస్కులో ఉన్నది ఉన్నట్టు తెర మీద పెట్టి చూశాను. ఆ పరీక్ష చివరి విడతలో సున్నాలు రాస్తుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా సున్నాలే. మధ్యలో ఎక్కడైనా ఒక్క అక్షరం కనిపిస్తుందేమోనని పిచ్చిదానిలా కిందికి తిప్పుతూనే ఉన్నాను. తర్వాత ఇలాంటి పనే చేసే ఒక కంపెనీకి పట్టుకెళ్లాను. వాళ్ల ఇంజనీరు పెద్దమనిషి, అంతా విన్నాడు. "ఫార్మాట్ మాత్రమే చేసి ఉంటే తెచ్చేవాణ్ణి. దీని మీద నాలుగుసార్లు రాశారు. నేను మీ దగ్గర ఫీజు తీసుకుంటే మోసం చేసినట్టవుతుంది" అన్నాడు.

నా పాత ల్యాప్‌టాప్ బయటికి తీశాను. 2019లో అక్కడ చేసిన పని ఏదైనా మిగిలిందేమోనని. నీ కోసం నేను తయారుచేసిన ఫారం ఒకటి దొరికింది. పేరు, ఊరు, వయసు, నీళ్లు ఎక్కడివి, పని ఏమిటి, తేదీ, క్రియాటినిన్. అన్ని గళ్లూ ఖాళీ. ఫైలు పేరు 'నమూనా'.

ఇక్కడ ఆఫీసులో ప్రతి సర్వర్‌కీ మూడు కాపీలు ఉంటాయి. ఎవరో కొన్న చెప్పుల వివరాలు, ఎవరో చూసిన సినిమాల జాబితా, అన్నిటికీ మూడేసి. అవి పోకుండా చూడటానికే నాకు జీతం. నీ ఒక్క ఫోల్డర్‌కి రెండో కాపీ పెట్టడానికి నాకు మూడేళ్లుగా తీరిక దొరకలేదు.

డాక్టర్లకి నేనే రాస్తాను. తప్పు నీది కాదని వాళ్లకి తెలియాలి. వాళ్ల చిరునామా పంపు. తిట్టడానికైనా ఒక కార్డు రాయి, మావయ్యా.

అశ్విని

*

కాశీబుగ్గ
14 నవంబర్ 2024, గురువారం

అమ్మా అశ్వినీ,

కోపం కాదు. ఇన్నాళ్లూ ఆస్పత్రిలో ఉండి వచ్చాను.

పార్శిల్ పంపిన ఐదో రోజు ఊపిరి అందలేదు. పలాసలో చేర్చారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఎడమ చేతికి ఆపరేషన్ చేసి ఆ సూదులకి దారి పెట్టారు, కుడి చేయి బాగుంది కాబట్టి రాస్తున్నాను. నీకు చెప్పొద్దని అత్త చేత ఒట్టు వేయించాను. ఫోను తీసింది పక్కింటివాళ్లు.

టిక్కుల కాగితం గురించి నువ్వు వేరేగా అనుకున్నావు. ముసలాడు ఏదో తప్పు నొక్కి పాడుచేశాడని నువ్వు అనుకుంటావేమోనని, నేను నీ మాట జవదాటలేదని చెప్పుకున్నాను. అంతే. నిన్ను అనాలని కాదు. ఉత్తరంలో ఆ ముక్క రాయాలని తోచలేదు.

ఇంకో సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ 431 మందిలో 212వ నంబరు నేనే. 2016 నుంచి నా రక్తం నేనే తీసుకుని, నా అంకె నేనే ఎక్కించేవాణ్ణి. మూడేళ్ల నుంచి పెరుగుతోంది. అత్త కంప్యూటర్ తెరవదు, నువ్వు ఇక్కడ లేవు. ఆ ఫోల్డర్లో ఉంటే ఎవరి కంటా పడదని ధీమా. ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. "ఎప్పటి నుంచి పెరుగుతోంది, పాత రిపోర్టులు ఉన్నాయా" అంది. లేవన్నాను. "ల్యాబులో పనిచేసి ఒక్కసారి కూడా చూపించుకోలేదా" అని మందలించింది. మీ అత్త ఆ మాటకి తలుపు బయటికి వెళ్లి నిలబడింది. ఆ రోజు నుంచి నాతో సరిగా మాట్లాడదు. అన్నం పెడుతుంది, మందులు ఇస్తుంది, మాట్లాడదు.

విశాఖ డాక్టర్లు ఐదో తారీకున ఇంటికి వచ్చారు. ముగ్గురు. పిడుగు పడి డిస్కు కాలిపోయిందని చెప్పాను. నువ్వు వాళ్లకి ఏమీ రాయొద్దు. నాకు గుర్తున్న పేర్లు, పోయిన సంవత్సరాలు రెండు పుస్తకాల నిండా రాసిచ్చాను. పెద్దాయన మర్యాదగా తిరగేసి, "అంకెలు లేకపోతే మేం దేన్నీ నిరూపించలేమండీ" అన్నారు. నాకు పేర్లు గుర్తున్నాయమ్మా. మొహాలు గుర్తున్నాయి, ఎవరి చేతికి నరం తొందరగా దొరకదో కూడా గుర్తుంది. అంకెలు గుర్తులేవు. ఊహించి రాయమంటే రాయగలను గాని, పదకొండేళ్లలో ఒక్క అంకె కూడా ఊహించి రాయలేదు. నలభై నిమిషాలు కూర్చుని వెళ్లిపోయారు. పుస్తకాలు బల్ల మీదే వదిలేశారు.

నువ్వు నీ ఉద్యోగం మానుకుని రావద్దు. వచ్చి చేసేదేమీ లేదు. నన్ను ఓదారిస్తే నేను నిన్ను ఓదార్చాలి. ఇద్దరికీ అంత ఓపిక లేదు.

ఇవాళ పొద్దున్న నారాయణమ్మ వచ్చింది. నీకు తెలియదు, తోటల్లో కొబ్బరి పీచు పనికి వెళ్తుంది. వాళ్లాయన దానయ్య నా దగ్గరికి ఆరేళ్లు వచ్చాడు. పోయిన వారం, బుధవారం నాడు పోయాడు. అప్పుడు నేను డయాలసిస్ బెడ్డు మీద ఉన్నాను, వెళ్లి చూడలేకపోయాను. ప్రతి మనిషి పేజీ మీదా నేను కంప్యూటర్ కెమెరాతో ఫొటో తీసి పెట్టేవాణ్ణి, ఒక పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు కదా. ఆవిడకి ఆ ఫొటో కావాలట. ఆదివారం పెద్దకర్మ.

నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. "ఆదారు కార్డు మీద బొమ్మ సూత్తే మా ఆయనే కాదు సారూ, ఎవులో దొంగలాగున్నాడు. మీ మిషన్ల నీలం సొక్కా ఏసుకుని నవ్వతా దిగినాడు. అది పెద్దది సేయించి దండెయ్యాల. మీకాడ తప్ప ఆడి నవ్వు మొకం ఇంకెక్కడా నేదు."

లేచి కంప్యూటర్ వెలిగించాను. ఎందుకు వెలిగించానో నాకే తెలియదు. కొత్త సిస్టమ్ చాలా తొందరగా తెరుచుకుంటోంది, నువ్వు ఇచ్చిన అరవై జీబీలో సగం కూడా నిండలేదు. తెర ముందు కూర్చుని అక్కడా ఇక్కడా నొక్కాను. ఆవిడ నా వెనక నేల మీద కూర్చుంది.

కాసేపటికి అత్త వచ్చి చూసి, నా మొహం చూసి, లోపలికి వెళ్లి ఆవిడకి టీ తెచ్చింది. "కుర్చీలో కూకోయే" అంటే కూర్చోలేదు.

"ఎతకండి సారూ, నాకేటి తొందర. అంత మందివి ఉంటాయి గదా, దొరకాల గదా" అంది.

పదిన్నర నుంచి రెండు గంటల బస్సు దాకా అలాగే కూర్చుంది. నేను ఖాళీ కిటికీలు తెరిచి మూస్తూనే ఉన్నాను. నీ ఉత్తరాల్లో నువ్వు చెప్పిన సున్నాలు గుర్తొచ్చాయి. బస్సుకి టైమయిందని లేచి, "రేపు మళ్లీ వత్తాను, ఈలోగా దొరికితే తీసుంచండి" అని నా భుజం తట్టి వెళ్లింది. జబ్బు మనిషిని కూర్చోబెట్టి కష్టపెట్టానని అత్తతో చెప్పి నొచ్చుకుందట.

పిడుగు కథ డాక్టర్లకి చెప్పినంత తేలిగ్గా ఆవిడకి చెప్పలేకపోయాను. రేపు పొద్దున్నే వస్తుంది. ఏమని చెప్పాలో నీకు తోస్తే రాయి తల్లీ. ఈ కవరు నీ చేతికి అందేసరికి ఆదివారం దాటిపోతుందని తెలుసు. అయినా రాయి.

మీ మావయ్య